చలిజ్వరపు మర్మమును కనుగొనిన రోనాల్డ్ రాసు

వానలు వెనుకపట్టి, వరి పొట్టకు వచ్చి, చెరువులు నిండుగా నుండు దినములలో చలిజ్వరము వచ్చుట పూర్వము పల్లెలయందు ఏటేట జరుగు సంగతియే. మొదట ఒడలు వణకును. ఎన్ని దుప్పట్లు కప్పినను చలి తీరదు. పిమ్మట ఒడలు కాలిపోవును. చెమటపట్టి జ్వరము దిగును. నడుమ ఒక దినము విడిచి మరల వచ్చును. పలుమారు వచ్చినచో కడుపులో బల్ల పెరిగి మనుష్యుడు పనికి దూరమగును. ఋతువును చూచి రోగమును చెప్పుట పెద్దలకు అలవాటు. ఋతువునకును రోగమునకును నడుమ దాగియున్న దానిని బయటపెట్టిన వైద్యుని చరిత్ర యిది. ఆయన దానిని కనుగొనిన చోటు రామాయంపేటకు దూరము కాదు. నాగపూరు బాటను దక్షిణముగా పోయినచో చేరు సికింద్రాబాదే.

ఋతువులు రోగకారణములని తలచినది మన దేశమొక్కటే కాదు. చరకసంహితలోని విమానస్థానమున ఆత్రేయుడు, ఊళ్లకూళ్లు ఒక్కమారే రోగమున పడుటకు గాలి, నీరు, దేశము, కాలము అను నాలుగును చెడుటయే కారణమని అగ్నివేశునకు బోధించెను. చీనా వైద్యులు గాలి, చలి, వేసవి వేడిమి, తేమ, పొడితనము, అగ్ని అను ఆరును మితిమీరినచో దేహమున చొరబడి రోగములగునని చెప్పిరి. ఇటలీవారు బురదనేలల దుర్వాయువే ఈ జ్వరమునకు మూలమని నమ్మి, చెడ్డగాలి యను అర్థమిచ్చు మలేరియా యను పేరిడిరి. వీరు చూచినది అబద్ధము కాదు. వాన, తేమ, బురద యున్నచోట జ్వరముండెను. అయితే అది ఎట్లు వచ్చుచున్నదను ప్రశ్నకు ఉత్తరము లేదు. ఆకాశము మనుష్యుని చేతిలోనిది కాదు గనుక, జ్వరమును కర్మమని అనుభవించుటయే జనులకు మిగిలెను.

రోనాల్డ్ రాసు 1857 మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమగు అల్మోరాలో జన్మించెను. మీరటులో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు దినములు. తండ్రి ఆంగ్ల సైన్యమున అధికారి. ఎనిమిదవ యేట బాలుని చదువునకై ఇంగ్లండు పంపిరి. కవిత్వము, సంగీతము, గణితములపై అతనికి మక్కువ యెక్కువ. తండ్రి పట్టుదలవలన వైద్యము చదివెను. 1881లో భారత వైద్యశాఖలో చేరి మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమానులలో కొలువు చేసెను. 1883లో బెంగుళూరు బసలో దోమలు మెండుగా నుండగా, కిటికీ చెంతనున్న తొట్టినీటిలో దోమపిల్లలు కదలాడుట అతని కంటబడెను. ఆ నీరు పారబోయగా దోమలు తగ్గెను. ఈ చిన్న సంగతి తరువాత పెద్దపనికి వచ్చెను.

1880లో ఆల్జీరియాలో లావెరాను అను ఫ్రెంచి వైద్యుడు రోగి నెత్తుటిలో మలేరియా క్రిమిని చూచియుండెను. 1894లో సెలవుపై లండను వెళ్లిన రాసునకు మాన్సన్ అను వైద్యుడు దానిని సూక్ష్మదర్శినిలో చూపి, దోమయే దానిని మోయుచున్నదేమో యను తన ఊహ తెలిపెను. దోమ నీటబడి చచ్చిన పిమ్మట ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చునని మాన్సన్ తలంపు. ఊహ సగము నిజము, సగము పొరపాటు.

1895లో రాసు సికింద్రాబాదు చేరెను. రోగులను దోమలచే కుట్టించి, ఆ దోమలను కోసి వెదకెను, ఏమియు దొరకలేదు. అవి ఆ క్రిమిని పెంచలేని జాతుల దోమలని తరువాత గాని తెలియలేదు. నడుమ కలరా పనిమీద ప్రభుత్వమువారు ఆయనను బెంగుళూరునకు పంపిరి. 1897లో నీలగిరి ప్రాంతమున తానే మలేరియా పాలయ్యెను. కోలుకొని ఆ యేటనే మరల సికింద్రాబాదు వచ్చెను.

అప్పుడు ఉక్క భరింపరానిదై యుండెను. పంకా ఊపించినచో కోసిన దోమముక్కలు ఎగిరిపోవును గనుక దానిని మాన్పించెను. నుదుటి చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను, కంటియద్దము చిట్లెను. ఆగస్టు నడుమ మచ్చల రెక్కలుగల వేరొక జాతి దోమలు చిక్కెను. హుసేన్ ఖాన్ అను రోగి దోమతెరలో పరుండి వానిచే కుట్టించుకొనెను. దోమ యొక్కంటికి ఒక అణా చొప్పున అతనికి ముట్టెను. 16వ తేదీన కుట్టిన దోమలలో ఒకదానిని 20వ తేదీన కోయగా, దాని కడుపుగోడలో నల్లని రేణువులుగల గుండ్రని కణములు కనబడెను. ఆ రేణువులు మలేరియా క్రిమికి గురుతు. మరునాడు కోసిన దోమలో ఆ కణములు మరింత పెరిగియుండెను. క్రిమి దోమ కడుపున బ్రతికి పెరుగుచున్నదని తేలెను. ఈ పనిలో రాసు పేరుతోపాటు హుసేన్ ఖాన్ పేరును తలచుట న్యాయము.

అంతలోనే రాసునకు రాజపుతానాకు బదిలీ అయ్యెను. 1898లో కలకత్తా చేరి, మహమ్మద్ బక్షు అను సహాయకునితో పక్షుల మలేరియాను పరిశోధించెను. క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరుటయు, కాటువలన ఆరోగ్యముగల పిచ్చుకలకు అంటుటయు ఆ జూలైలో ఋజువయ్యెను. అదే యేట ఇటలీలో గ్రాసీ మొదలగువారు మనుష్యుల విషయమున దానిని నిరూపించిరి. 1902లో రాసునకు నోబెలు బహుమానము లభించెను. అయినను కీర్తి యెవరిదను విషయమై ఆయన గ్రాసీతో ఏండ్లతరబడి కలహించెను. అంతటి ఓర్పుగలవానికి అది యొక కొరతయే.

ఈ పరిశోధనవలన పెద్దల మాట కొట్టుపడలేదు. దాని లోగుట్టు తెలిసినది. వాన నిలువనీటి నిచ్చును. ఆ నీట దోమగ్రుడ్డు సుమారు 10 దినములలో రెక్కల దోమయగును. గాలిలోని తేమ దోమ ఆయువును పెంచును. వెచ్చదనము క్రిమిని దోమ కడుపున పెంచును. 16 డిగ్రీల సెంటిగ్రేడునకు తగ్గినచో అది పెరుగదు. కావున ఋతువు కారణమే, కాని దోమ చేతిమీదుగా కారణము. గణితము నెరిగిన రాసు మరియొక మేలు చేసెను. దోమలన్నియు నశింపనక్కరలేదనియు, వాని సంఖ్య ఒక మితికి దిగినచో రోగము క్రమముగా అణగుననియు 1911 నాటి తన గ్రంథమున లెక్కవేసి చూపెను.

ఆ లెక్క మన దేశముననే పరీక్షకు వచ్చినది. 1947లో ఏటా 7 కోట్ల 50 లక్షలమందికి మలేరియా సోకుచుండెననియు, 8 లక్షలమంది మరణించుచుండిరనియు అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము మొదలై, ఇంటింట మందు చల్లగా 1965 నాటికి రోగులు సుమారు లక్షకు దిగిరి. పట్టు సడలగా 1976లో 64 లక్షలకు పెరిగిరి. ఆ రెండు సంవత్సరముల నడుమ మారినది ఆకాశము కాదు.

రాసు 1932 సెప్టెంబరు 16వ తేదీన లండనులో మరణించెను. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనమునకు ఆయన పేరే నిలిచినది. ఆగస్టు 20వ తేదీని లోకము దోమల దినముగా పాటించుచున్నది. చెరువు నిండుట ఊరి భాగ్యము, దానిని నిందింపరాదు. పెరటి గోళెమును, తొట్టిని వారమున కొకమారు వట్టిచేసి ఎండబెట్టుటయు, ఇంటిచుట్టు గుంటలను పూడ్చుటయు, రాత్రి దోమతెర కట్టుటయు ఎవరికిని అసాధ్యములు కావు. దోమ పుట్టుటకు 10 దినములు కావలెను. 7వ నాడు నీరు పారబోయువాని యింట అది రెక్కలు తొడుగదు.