ఎర్నెస్టు కాడ్మన్ - చికిత్సాఫలముల చిట్టా

సంవత్సరాంతమున లాభనష్టములు తేల్చుకొనని వర్తకుడు లేడు. శస్త్రచికిత్స పొంది యింటికేగిన రోగి యేడాది గడచిన పిమ్మట కుంటక నడచుచున్నాడా, పూర్వమువలె చేతితో బరువెత్తగలుగుచున్నాడా యని విచారించు వైద్యశాలలు మాత్ర మిప్పటికిని స్వల్పమే. ఆ విచారణ జరుగనిదే వైద్యశాల పని ముగియదని పట్టుపట్టి, అందులకై పదవిని, మిత్రులను, ఆదాయమును పోగొట్టుకొన్న వాడు అమెరికాలోని బోస్టన్ నగరవాసి ఎర్నెస్టు ఎమరీ కాడ్మన్.

1869 వ సంవత్సరమున నాతడు జన్మించెను. హార్వర్డునందు వైద్యము చదువు దినములలో రోగులకు ఈథరు మత్తు నిచ్చుట విద్యార్థుల వంతు. ఎవరు నేర్పుగా నిత్తురో చూతమని కాడ్మనును, సహపాఠి హార్వే కుషింగును విందు పందెము వేసికొని, రోగి నాడిని శ్వాసను కాగితముపై గుర్తింపసాగిరి. లెక్క వ్రాయు నలవాటు ఆతని కప్పుడే యబ్బినది.

పిదప మసాచుసెట్సు జనరల్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడై, రోగి కొక చీటి చొప్పున నుంచెను. వ్యాధి యేది, చేసిన చికిత్స యేది, ఏడాదికి ఫలమేమి, ఫలము చెడినచో లోపము వైద్యుని నేర్పునందా, నిర్ణయమునందా, పరికరములయందా, లేక వ్యాధియే యసాధ్యమా - ఇంతయు నందు వ్రాయవలెను. 1911 లో సొంత వైద్యశాల స్థాపించి, 1916 వరకు చికిత్స పొంది వెడలిన 337 మంది విషయమున 123 తప్పులు జరిగినవని తానే అచ్చొత్తించి ప్రకటించెను. తన తప్పుల పట్టికను ఊరివారికి పంచిపెట్టు వైద్యుని మన మెందరిని చూచితిమి?

పెద్ద ఆసుపత్రిలో పదోన్నతి వయఃక్రమమునుబట్టియే గాని ఫలములనుబట్టి కాదని 1914 లో రాజీనామా యిచ్చెను. మరుసటి జనవరిలో నొక వైద్యసభయందు వ్యంగ్యచిత్రము నొకదానిని తెరపై వ్రేలాడదీసెను. నిప్పుకోడి యొకటి ఇసుకలో తలదూర్చి, ఆచార్యులకు బంగారు గ్రుడ్లు పెట్టుచున్నట్టు అందు చిత్రింపబడినది. నగరమున ధనికులుండు పేట యే ఆ పక్షి. ఆతడు నేరుగా లెక్కలనే చూపియుండిన మేలయ్యెడిదని మా యభిప్రాయము. సభ కల్లోలమయ్యెను; హార్వర్డు ఉద్యోగము పోయినది; రోగులను పంపు వైద్యులును తగ్గిరి.

1917 డిసెంబరు 6 న కెనడాలోని హాలిఫాక్సు రేవున మందుగుండు ఓడ ప్రేలి వేలకొలది జనులు గాయపడగా, ఆతడు చికిత్స చేయుటకై యచటి కేగెను. మరుసటేట అమెరికా శస్త్రవైద్యుల సంఘమువారు 692 ఆసుపత్రులను పరీక్షింపగా నియమములకు తగినవి 89 మాత్రమే తేలినవి. ఆ జాబితాను బయటపెట్టక తగులబెట్టిరి! కాడ్మన్ మాత్రము 1920 లో ఎముకల దుర్మాంసవ్యాధులకు నమోదు పట్టిక ప్రారంభించెను. భుజముపై పెద్ద గ్రంథమును 1934 లో వెలువరించెను.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున 2001 లో మొదలైన తీవ్రగాయముల నమోదునందు, ప్రాణము దక్కి యిల్లు చేరినవారికి ఆరు నెలలకును పండ్రెండు నెలలకును టెలిఫోను చేసి, నొప్పి యెంత మిగిలెనో, తిరిగి పనికి పోగలిగిరో యడిగి వ్రాయు పద్ధతి యేర్పడినది. కాడ్మన్ చీటి యడిగిన ప్రశ్న యిదియే.

ఆతడు 1940 లో మరణించెను. సమాధిపై పేరు చెక్కిన రాయియైన లేదు. 2014 లో శస్త్రవైద్యులు కొందరు చందాలు పోగుచేసి యొక రాయిని నిలిపిరి.