మొరాయించని పిస్టల్ కోసం

మొన్న షూటింగ్ రేంజ్‌లో ఒక కుర్రాడు పాయింట్ 22 టార్గెట్ పిస్టల్‌తో నా దగ్గరికి వచ్చాడు. పోటీలకు రెండు వారాలే ఉంది. పది తూటాలు కాలిస్తే ఒకటో రెండో ఇరుక్కుంటున్నాయట. తూటా చాంబర్‌లోకి ఎక్కే వాలును కాస్త నున్నగా గీస్తే బాగవుతుందని ఎవరో చెప్పారని ఆకురాయి కూడా కొనుక్కొచ్చాడు. ముందు ఆ ఆకురాయి నా చేతికి ఇవ్వమన్నాను. తర్వాత పిస్టల్ ఖాళీ చేయించి, బల్ల దగ్గర కూర్చోబెట్టి జాన్ మోజెస్ బ్రౌనింగ్ గురించి చెప్పాను.

మన సైనికాధికారుల నడుముకు దశాబ్దాలుగా వేలాడిన 9 ఎంఎం పిస్టల్‌కు మూలపురుషుడు ఆయనే. అయినా ఆ పేరు తెలిసినవాళ్లు మన దగ్గర తక్కువ.

బ్రౌనింగ్ 1855 జనవరి 23న అమెరికాలోని యూటా ప్రాంతంలో, ఆగ్డెన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి జొనాథన్ తుపాకులు చేసేవాడు, బాగు చేసేవాడు. చెడిపోయిన తుపాకులు నిత్యం వచ్చే ఆ కొట్టే పిల్లవాడికి బడి. ఎవరి తుపాకీ ఎక్కడ ఆగిపోయిందో, ఏ ముక్క అరిగిందో, ఏ స్ప్రింగ్ అలసిందో చూస్తూ పెరిగాడు. పదేళ్ల వయసులోనే పాత ఇనుప ముక్కలతో సొంతంగా ఒక తుపాకీ కట్టాడు. ఆయన తర్వాత చేసిన పనికంతా పునాది ఇక్కడే ఉందని నా అభిప్రాయం. కొత్త తుపాకీ కనిపెట్టడానికి ముందే, పాతవి ఎందుకు మొరాయిస్తాయో ఆయనకు తెలుసు.

1879లో ఒక్కో తూటా పెట్టి కాల్చే రైఫిల్‌కు తొలి పేటెంట్ వచ్చింది. 1883లో వించెస్టర్ కంపెనీ దాన్ని 8,000 డాలర్లకు కొంది. అక్కడి నుంచి దాదాపు ఇరవై ఏళ్లు ఆయన చేసిన డిజైన్లు చాలావరకు ఆ కంపెనీకే వెళ్లాయి. కాగితం మీద పెద్దగా గీసేవాడు కాదు. తలలో ఉన్న ఆకారాన్ని తమ్ముడు ఎడ్ సాయంతో నేరుగా లోహంలోకి దించి, కాల్చి చూసి, మళ్లీ మార్చేవాడు.

1889లో స్నేహితులతో తుపాకీ కాలుస్తుండగా గొట్టం మూతి నుంచి తన్నుకొచ్చిన గాలికి ఎదుటి గడ్డి వంగడం గమనించాడు. తూటాను పంపాక వృథాగా పోతున్న ఆ శక్తితోనే తర్వాతి తూటాను ఎక్కించవచ్చు కదా అనుకున్నాడు. కోల్ట్ కంపెనీ 1895 మోడల్ మెషిన్ గన్ ఆ ఆలోచన నుంచే వచ్చింది. తర్వాత ఆటోమేటిక్ షాట్‌గన్ విషయంలో వించెస్టర్‌తో తెగిపోయి, 1902లో దాన్ని బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీకి ఇచ్చాడు. ఆ కంపెనీ చేసిన ఆయన పిస్టళ్లు ఐరోపాలో ఎంతగా పాకాయంటే, ఫ్రెంచివాళ్లు చేతి పిస్టల్‌నే బ్రౌనింగ్ అనడం మొదలుపెట్టారు. 1914లో సరాయెవోలో పేలి ప్రపంచ యుద్ధానికి నిప్పు పెట్టిన పిస్టల్ కూడా ఆయనదే, ఎఫ్ఎన్ 1910 మోడల్.

అసలు పరీక్ష అమెరికా సైన్యం పెట్టింది. పాయింట్ 45 పిస్టల్ కోసం కోల్ట్ తరఫున బ్రౌనింగ్ డిజైన్, దానికి పోటీగా శావేజ్ కంపెనీ పిస్టల్ నిలిచాయి. 1910 నవంబరులో రెండూ మొరాయించాయి, రెండింటిలోనూ భాగాలు విరిగాయి. సైన్యం రెండింటినీ వెనక్కి పంపింది. బ్రౌనింగ్ ఏ ముక్క ఎందుకు విరిగిందో చూసి దిద్దుకున్నాడు. 1911 మార్చిలో మళ్లీ పరీక్ష. ఒక్కో పిస్టల్‌తో 6,000 తూటాలు. వందకోసారి చల్లారనివ్వడం, వెయ్యికోసారి శుభ్రం చేయడం. వేడెక్కితే నీళ్ల బకెట్‌లో ముంచారని కూడా చెబుతారు. శావేజ్ 37 సార్లు ఆగింది. బ్రౌనింగ్‌ది ఒక్కసారీ ఆగలేదు. మార్చి 29న సైన్యం దాన్ని స్వీకరించింది.

1917లో ఆయన మెషిన్ గన్ 20,000 తూటాలు ఆగకుండా కాల్చితే, ఆ గన్‌ను ప్రత్యేకంగా తయారుచేసి తెచ్చారేమోనన్న అనుమానం వచ్చింది. అప్పుడు ఇంకో గన్ తెచ్చి 48 నిమిషాల 12 సెకన్లు ఏకబిగిన కాల్చి చూపించాడు. యుద్ధం ముగిసేదాకా రాయల్టీ తీసుకుంటే కోటికి పైగా డాలర్లు వచ్చేవి. ఏడున్నర లక్షలకే సర్దుకున్నాడు.

ఆ కుర్రాడి చేతిలో ఉన్న బాపతు పిస్టల్‌కు కూడా పెద్దదిక్కు ఆయనే. పాయింట్ 22 టార్గెట్ పిస్టల్‌ను కోల్ట్ 1915 నుంచి తయారు చేసింది. 1927లో దానికి వుడ్స్‌మన్ అని పేరు పెట్టారు. పాయింట్ 22 తూటాతో పెద్ద చిక్కు ఏమిటంటే దాని అడుగున అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచు వెనక పడితే రెండూ పెనవేసుకుంటాయి. సీసపు గుండుకు పూసిన మైనం చాంబర్‌లో పేరుకుంటుంది. పైగా తూటా బలం, స్ప్రింగ్ బలం ఒకదానికొకటి సరిపోవాలి. వుడ్స్‌మన్ మొదట మామూలు వేగం తూటాల కోసమే చేసినది. హైస్పీడ్ తూటాలు వచ్చాక 1932లో కంపెనీ స్ప్రింగ్ ఆనుకునే వెనక భాగాన్నే గట్టిపరచాల్సి వచ్చింది. పిస్టల్ అదే, తూటా మారింది. అంతే తేడా.

అందుకే ఇరుక్కున్న తూటాను గబుక్కున లాగేయకూడదు. తుపాకీ మూతి సురక్షిత దిశలో ఉంచి, ట్రిగ్గర్ మీంచి వేలు తీసి, ముందు చూడాలి. కొత్త తూటా ముక్కు చాంబర్ అంచుకు గుచ్చుకుని ఉంటే అనుమానం మ్యాగజైన్ పెదవుల మీద. ఖాళీ గుల్ల, సైన్యంలో మేం ఖోకా అంటాం, కిటికీలో నిలువుగా ఇరుక్కుంటే తూటాలో బలం చాలకపోవడమో, మురికో, స్ప్రింగ్ మరీ గట్టిగా ఉండడమో. ఖోకా చాంబర్‌లోనే ఉండిపోతే దాన్ని లాగే కొక్కేన్ని, చాంబర్‌ను చూడాలి. ఆకురాయి వంతు వీటన్నిటి తర్వాత, అదీ ఆర్మరర్ చేతిలో. గీసేసిన లోహం తిరిగి రాదు.

ఇది ఆటస్థలం గొడవ మాత్రమే కాదు. 1999లో కార్గిల్ చలికి ఇన్సాస్ రైఫిల్ ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయన్న సంగతి అప్పట్లో పత్రికల్లో వచ్చిందే. శిఖరం మీద జవాను ఎదుర్కొన్న ఇబ్బంది కిందికి దిగి, ఫైళ్లు దాటి, డిజైన్ చేసినవాడి బల్ల మీదికి చేరడానికి ఎంతకాలం పడుతుంది? మన దగ్గర గీసేవాడు ఒకచోట, తయారుచేసేవాడు ఒకచోట, కాల్చేవాడు ఇంకోచోట. ఆయుధం ఆగిందని జవాను చెబితే, శుభ్రం చేసుకోలేదా అన్నదే మన నోట మొదట వచ్చే మాట. యువ అధికారిగా నేనూ అన్నాను, ఒకసారి కాదు. 1910 నవంబరులో బ్రౌనింగ్ కాల్చినవాడిని తప్పుపట్టి ఊరుకుంటే 1911 మార్చి వచ్చేది కాదు.

1926 నవంబరు 26న బెల్జియంలోని లియేజ్ దగ్గర ఎఫ్ఎన్ ఫ్యాక్టరీలో పనిలో ఉండగానే గుండె ఆగి చనిపోయాడు. అప్పటికి ఆయన పేరున 128 పేటెంట్లు. బల్ల మీద ఇంకో పిస్టల్ పూర్తికాకుండా ఉంది. ద్యూదొనె సైవ్ అనే ఎఫ్ఎన్ డిజైనర్ దాన్ని ఏళ్ల తరబడి దిద్దాడు. 1935లో అది హై పవర్‌గా బయటికొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడాలోని ఇంగ్లిస్ కంపెనీ తయారుచేసింది. ఆ నమూనాతోనే మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ 9 ఎంఎం 1ఏ పిస్టల్ తెచ్చింది. 13 తూటాల ఆ మ్యాగజైన్ బరువు నా నడుముకు ఇప్పటికీ గుర్తే.

కుర్రాడి పిస్టల్ సంగతి. అతని దగ్గర రెండు మ్యాగజైన్లు ఉన్నాయి. ఒకదానిపై 1, రెండోదానిపై 2 అని రంగుతో రాయించి, ఒక్కోదానితో యాభై తూటాలు కాల్పించాను. ఇరుక్కున్నవన్నీ రెండో దానివే. వెలుతురులో పెట్టి చూస్తే ఒక పెదవి వెంట్రుక మందం లోపలికి వంగి ఉంది. ఎప్పుడో సిమెంటు నేల మీద పడిందట.