టీ ఆకులో మందు చూసిన కోసెల్

బయో ఇన్ఫర్మాటిక్స్ ఎలెక్టివ్ తీసుకున్నవాళ్ళకి ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలు బాగా పరిచయం. డీఎన్‌ఏ అంతా ఆ నాలుగింటి స్ట్రింగే కదా! వాటిలో జీ ముందే తెలుసు. మిగతా మూడూ బయటపడింది ఒకే ల్యాబ్‌లో, ఆల్బ్రెక్ట్ కోసెల్ గారి ల్యాబ్‌లో. కానీ ఆయన కనిపెట్టిన ఇంకో పదార్థం మనలో చాలామంది ఇళ్ళలోనే ఉంటుంది, ఆయాసం ఉన్న పెద్దవాళ్ళ మందుల డబ్బాలో.

కోసెల్ 1853లో జర్మనీలోని రోస్టాక్‌లో పుట్టారు. చిన్నప్పటి నుంచి మొక్కలన్నా కెమిస్ట్రీ అన్నా ఇష్టం. స్ట్రాస్‌బర్గ్‌లో మెడిసిన్ చదువుతూ హోప్పె-జైలర్ అనే ప్రొఫెసర్ దగ్గర చేరారు. డాక్టర్ డిగ్రీ వచ్చినా ప్రాక్టీస్ పెట్టలేదు, ల్యాబ్‌లోనే ఉండిపోయారు. 1883లో బెర్లిన్ వెళ్ళారు. 1885లో ఎద్దు క్లోమం నుంచి అడినైన్‌ని వేరు చేశారు. అదే మన 'ఏ'.

అడినైన్‌కి దగ్గరి చుట్టాల్లాంటి పదార్థాలు ఇంకెక్కడ ఉన్నాయా అని వెతుకుతూ టీ ఆకు పట్టుకున్నారు. 1888లో అందులో కెఫీన్‌ని పోలిన కొత్త పదార్థం చాలా కొద్దిగా దొరికింది. దానికి థియోఫిలిన్ అని పేరు పెట్టారు, అంటే టీ ఆకుది అని. అది ఎవరి ఊపిరికి పనికొస్తుందో అప్పుడు ఎవరికీ తెలీదు.

1910లో ఆయనకి నోబెల్ వచ్చింది. తర్వాత నాలుగేళ్ళకే మొదటి ప్రపంచ యుద్ధం. జనానికి ఇచ్చే రేషన్ తిండి సరిపోతుందని శాస్త్రవేత్తగా ఒక మాట చెప్పమని ప్రభుత్వం ఒత్తిడి తెచ్చింది. ఆయన ఒప్పుకోలేదు. ఒంటికి ఎంత సరిపోతుందో ఒంటినే అడగాలి కానీ ఆర్డర్ వేసి తేల్చేది కాదు. నాకు కోసెల్ నచ్చింది ఇక్కడే.

1922లో థియోఫిలిన్‌ని ఆస్తమాకి వాడారని రిపోర్ట్ వచ్చింది. 1927లో హైడెల్‌బర్గ్‌లో కోసెల్ చనిపోయారు. మన దగ్గర చాలామందికి తెలిసిన డెరిఫిలిన్ మాత్రలోని రెండు మందుల్లో ఒకటి ఇదే.

ఈ మందుతో చిక్కు కూడా ఆ పాత ప్రశ్నే: ఎంత సరిపోతుంది? లీటరు రక్తంలో 10 నుంచి 20 మిల్లీగ్రాములు అని చాలాకాలం లెక్క పెట్టుకున్నారు. తగ్గితే ఆయాసం తగ్గదు. పెరిగితే వాంతులు, గుండె దడ, బాగా పెరిగితే ఫిట్స్. పైగా ఒకే మాత్ర ఇద్దరిలో రెండు రకాలుగా ఉంటుంది, సిగరెట్ తాగేవాళ్ళలో తొందరగా కరిగిపోతుంది. అందుకే కొలవాలి. కానీ ఆయాసంతో ఉన్న చిన్నపిల్లల్ని మాటిమాటికీ సూదితో పొడవడం ఎలా?

1970ల్లో పరిశోధకులు ఉమ్మి వైపు చూశారు. రక్తంలో ఈ మందు దాదాపు 40 శాతం ప్రొటీన్లకి అంటుకుని ఉంటుంది. అంటుకోకుండా మిగిలినదే ఉమ్మిలోకి దిగుతుంది, పనిచేసేదీ అదే. అంటే రక్తంలో 15 ఉంటే ఉమ్మిలో సుమారు 9. ఈ నిష్పత్తి మనిషిని బట్టి కొంచెం మారుతుంది కాబట్టి, మొదట ఒకసారి రెండూ కొలిచి పోల్చుకుంటే మంచిది. నోట్లో మందు మిగిలితే లెక్క తప్పుతుంది, అందుకని ముందు పుక్కిలించాలి.

ఇప్పుడు ఇన్‌హేలర్లు వచ్చాక థియోఫిలిన్ వాడకం తగ్గింది కానీ పోలేదు. మీ ఇంట్లో ఎవరైనా వాడుతుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. సిప్రోఫ్లోక్సాసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ మొదలుపెట్టినా, సిగరెట్ మానేసినా రక్తంలో ఈ మందు పెరుగుతుంది. డాక్టర్‌కి ముందే చెప్పండి. నిన్నటిదాకా సరిపోయిన డోసు రేపు ఎక్కువ కావచ్చు.