స్టువర్టుపురం వెనుక ఫకీర్ సింగ్

బాపట్ల : కొన్ని కులాలవారు పుట్టుకతోనే దొంగలని సర్కారువారు చట్టం చేసిన రోజుల్లో, పని చూపిస్తే దొంగ మారతాడని నమ్మిన దొర ఫ్రెడరిక్ బూత్ టక్కర్. బాపట్ల దాపున స్టువర్టుపురం వెలసింది ఆయన ఇండియాలో సాల్వేషన్ ఆర్మీకి పెద్దగా ఉన్న కాలంలోనే.

టక్కర్ 1853లో బీహారులోని ముంగేరులో జన్మించారు. తాతగారు ఈస్టిండియా కంపెనీకి అధ్యక్షులుగా చేశారు. మనుమడు ఐ.సి.యస్. ప్యాసై పంజాబులో అధికారి అయ్యారు. 1881లో ఆ కొలువుకు నీళ్ళు వదిలి సాల్వేషన్ ఆర్మీలో చేరారు. మరుసటి ఏడు ముగ్గురు సహచరులతో బొంబాయిలో దిగి, కాషాయం కట్టి, చెప్పులు లేకుండా తిరిగి, బిచ్చమెత్తి తిన్నారు. ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నారు. ఊరేగింపు తీసినందుకు జైలుకూ వెళ్ళారు.

1908లో గోరఖ్‌పూర్‌లో ఆయన మొదటి సెటిల్మెంటు పెట్టారు. 1911లో నేరస్థ జాతుల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. వేలిముద్రలు వేయాలి, హాజరు పలకాలి, పాసు లేనిదే ఊరు దాటరాదు. ఇక్కడ ఆ చట్టం కింద పడినవారిలో ఎరుకలవారు ముఖ్యులు.

వీరు ఒకప్పుడు వర్తకులు. కోస్తా ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని మెట్ట సీమలకు తోలుకుపోయి ధాన్యానికి మార్చేవారు. రైలు వచ్చి ఉప్పును మోసుకుపోయింది. ఉప్పు మీద సర్కారు పెత్తనం పెరిగింది. అడవి చట్టాలతో గంపలల్లే వెదురుకూ, పశువుల మేతకూ అడ్డం వచ్చింది. బేరం పోయినవాడు ఊరూరా తిరిగితే దొంగ అన్నారు. తండ్రి పేరు పోలీసు పుస్తకంలోకి ఎక్కితే కొడుక్కి పని ఎవరిస్తారు?

మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్టు పేరిట సెటిల్మెంటు ఏర్పడింది. సేద్యం పెట్టించారు, బడి పెట్టారు. చీరాల పొగాకు కంపెనీలో కూలి చూపించారు. ఇది మేలే. కానీ చెడు నేర్పేది కన్నవారేనన్న తలంపుతో సాల్వేషన్ ఆర్మీ తన సెటిల్మెంట్లలో పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి పెంచింది. కూడు పోవడం వల్ల వచ్చిన కష్టాన్ని పెంపకం మీదికి నెట్టినట్లయింది. తల్లి ఒడి లేని బిడ్డకు బడి ఎంత నేర్పగలదో దొరగారు ఆలోచించినట్లు లేదు.

టక్కర్ 1919లో ఇండియా విడిచి, 1929లో లండనులో కన్నుమూశారు. చట్టం మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. అప్పటికి సెటిల్మెంటులో పుట్టినవారికే పిల్లలు పుట్టారు.