తేజాబు తీక్ష్ణతకు అంకె కట్టిన సోరెన్సెన్

ఉర్దూ భాషలో ఆమ్లాన్ని ‘తేజాబ్’ అంటారు. తీక్ష్ణమైన నీరు అని దాని అర్థం. ఆ తీక్ష్ణత ఎంత అన్న ప్రశ్నకు చిన్న అంకెతో సమాధానం చెప్పడం నేర్పిన మహనీయుడు సోరెన్ పేటర్ లారిట్స్ సోరెన్సెన్. ఆయన జీవితాన్ని మా విద్యార్థులకు సంగ్రహంగా పరిచయం చేయదలచాము.

సోరెన్సెన్ 1868 జనవరి 9న డెన్మార్క్ దేశంలోని హావ్రెబ్యెర్గ్ గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యకై చేరి, రసాయన శాస్త్రం వైపు ఆకర్షితులయ్యారు. 1899లో డాక్టరేటు పొందారు. 1901లో కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాల రసాయన విభాగానికి అధిపతియై, 1938 వరకు ఆ బాధ్యత నిర్వహించారు. ఆ ప్రయోగశాలను 1875లో స్థాపించినవాడు యాకబ్‌సెన్ అనే బీరు కర్మాగారం యజమాని. ఆ వ్యాపారం మనకు సమ్మతం కాకపోవచ్చు. కాని పరిశోధనా ఫలితాలను దాచుకోక లోకానికి వెల్లడించాలన్న ఆయన నియమం మాత్రం మెచ్చదగినది.

అక్కడ సోరెన్సెన్ ఎంజైములను పరిశీలిస్తూ, వాటి పనితీరు ద్రావణంలో మొత్తం ఎంత ఆమ్లమున్నదన్న దానికంటె, స్వేచ్ఛగా ఉన్న హైడ్రోజన్ అయాన్ల గాఢతపై ఆధారపడుతుందని నిరూపించారు. అయితే ఆ గాఢతలు 0.0001, 0.0000001 వంటి చిక్కు దశాంశాలు. అందుచేత 1909లో ఆ గాఢత యొక్క రుణ సంవర్గమానాన్ని తీసుకొని, దానికి పి.హెచ్. అని పేరు పెట్టారు. ఆయన సతీమణి మార్గరేథె కూడా పరిశోధనలలో తోడ్పడ్డారు.

ఈ అంకెతో ఆమ్లాల స్వభావం స్పష్టమవుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం బలమైనది. సజల ద్రావణంలో దాదాపు పూర్తిగా అయాన్లుగా విడిపోతుంది. కావున లీటరుకు 0.1 మోలు ఉంటే పి.హెచ్. సుమారు 1, పదింతలు విలీనం చేస్తే 2, నూరింతలు చేస్తే 3. అదే 0.1 మోలు ఎసిటిక్ ఆమ్లంలో నూటికి ఒకటి రెండు అణువులు మాత్రమే విడిపోతాయి గనుక పి.హెచ్. సుమారు 2.9. పోసిన ఆమ్లం సమానమే, తీక్ష్ణత వేరు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని లీటరుకు 0.00000001 మోలు అయ్యేవరకు విలీనం చేస్తే పి.హెచ్. ఎంత? సూత్రాన్ని కంఠస్థం చేసిన విద్యార్థి వెంటనే 8 అని వ్రాస్తాడు. 8 అంటే క్షారమన్నమాట! నీరు పోసినంత మాత్రాన ఆమ్లం క్షారమవుతుందా? నీటికి కూడా స్వంత హైడ్రోజన్ అయాన్లున్నవి. వాటిని కూడా లెక్కిస్తే వచ్చేది సుమారు 6.98. సూత్రం చేతిలో ఉన్నా, ఆలోచన లేనిదే సత్యం దక్కదు.

1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. పి.హెచ్. జన్మించినది ఆ మరుసటి సంవత్సరమే. ఆ వరద దరిమిలా నిర్మాణమై 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్ మన చిల్కూరు చెంతనే ఉన్నది. నేడు త్రాగునీటి పి.హెచ్. 6.5కు తగ్గక, 8.5కు మించక ఉండాలని భారత ప్రమాణాలు నిర్దేశిస్తున్నవి. డెన్మార్క్ రైతుబిడ్డ కల్పించిన అంకె మన ఇంటి కడవకు కావలి కాస్తున్నది.

సోరెన్సెన్‌కు నోబెల్ బహుమతి లభించలేదు. 1939 ఫిబ్రవరి 12న ఆయన కన్నుమూశారు. అయాన్ల గాఢత కంటె వాటి క్రియాశీలతే సరియైన ప్రమాణమని తేలినప్పుడు, 1924లో సహచరుడు లిండర్‌స్ట్రోమ్-లాంగ్‌తో కలిసి తన నిర్వచనాన్ని తానే సవరించారు. తాను నాటిన మొక్కను తానే సరిదిద్దిన ఆ వినయాన్ని మా విద్యార్థులు సూత్రంతో పాటు అలవరచుకోవాలని ఆకాంక్షిస్తున్నాము.