అణువుల అన్వేషి – ఎల్లాప్రగడ సుబ్బారావు

బీదర్ పట్టణంలో బిద్రీ కళాకారులు నల్లని పాత్రలపై వెండి తీగలను పొదుగుతారు. ఆ తీగ ఎంత సన్నగా ఉన్నా కంటికి ఆనుతుంది. కంటికే కాదు, సాధారణ సూక్ష్మదర్శినికి కూడా అందని లోకం మరొకటి ఉంది. అదే నానో లోకం. గ్రీకు భాషలో నానో అంటే మరుగుజ్జు అని అర్థం. ఒక మీటరును 100 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు ఉంటుంది.

పదార్థాన్ని ఇంత చిన్న ప్రమాణంలో మలచి, మానవుని అవసరాలకు ఉపయోగించే విద్యను నానో సాంకేతిక విజ్ఞానం అంటారు. ఆ ప్రమాణంలో పదార్థాల గుణాలు మారిపోతాయి. నీటిలో కలిసిన బంగారు నానో కణాలు ఎర్రగానూ, వెండి నానో కణాలు పసుపుపచ్చగానూ కనిపిస్తాయి. వెండి కణాలు సూక్ష్మజీవులను చంపుతాయి. అందుచేత వాటిని గాయాలకు కట్టే పట్టీలలో వాడుతున్నారు.

ఈ విజ్ఞానానికి 1974లో జపాన్ శాస్త్రవేత్త నోరియో తానిగుచి పేరు పెట్టారు. అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఒక తెలుగువాడు, పేరైనా లేని ఆ లోకంలోని అణువుల కోసం తన జీవితాన్ని ధారపోశారు. ఆయనే ఎల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి అనారోగ్యం వల్ల కుటుంబం ఇబ్బందుల పాలయింది. చదువు మీద మనసు నిలవక సుబ్బారావు ఒకసారి ఇల్లు విడిచి వెళ్లబోయారు. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలన్నది ఆయన ఆలోచన. తల్లి ఆయనను వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసులో ఉత్తీర్ణులయ్యారు.

తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపును అందుకొని ఖద్దరు ధరించడం ఒక ఆచార్యునికి నచ్చలేదు. ఫలితంగా సుబ్బారావుకు పూర్తి వైద్య పట్టా దక్కలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇంతలో ఇంట మరో విషాదం. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో కన్నుమూశారు. వారిలో ఒకరిని స్ప్రూ అనే వ్యాధి బలిగొన్నది. ఈ వ్యాధి సోకినవారికి తిన్న ఆహారం ఒంటపట్టదు, రక్తం క్షీణిస్తుంది. ఆ రోజులలో దానికి సరైన మందు లేదు. వ్యాధికి మూలం తెలుసుకోవాలన్న పట్టుదల సుబ్బారావులో అప్పుడే నాటుకుంది.

మామగారి సహాయంతో ఆయన అమెరికా చేరి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదివారు. పొట్టపోసుకోవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని కూడా చేశారు. ఆ తరువాత సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి పరిశోధన ప్రారంభించారు.

రక్తంలోని భాస్వరం ఎంతో కొలవడం వారి మొదటి పని. భాస్వరం కంటికి కనిపించదు. తగిన రసాయనాలు కలిపితే ద్రావణం నీలిరంగుకు మారుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ ఉన్నట్లు. 1925లో వెలువడిన ఈ పద్ధతి ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి పొందింది. కనిపించని దానిని కనిపించే రంగుతో పట్టుకోవడమే దీని గొప్పతనం.

ఈ పద్ధతి సాయంతో వారు కండరాలను పరిశీలించారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి. అనే అణువును గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఎ.టి.పి.ని కనుగొన్నారు. మనం నడిచినా, పరుగెత్తినా, ఊపిరి పీల్చినా ఖర్చయ్యేది ఈ అణువులోని శక్తియే. కణాలలో దీనిని తయారుచేసే యంత్రం వెడల్పు సుమారు 10 నానోమీటర్లు. అందులో ఒక భాగం చక్రంలా గిర్రున తిరుగుతుంది. ఆ భ్రమణాన్ని శాస్త్రవేత్తలు 1997లో ప్రత్యక్షంగా చూపించారు. నానో యంత్రాలను నిర్మించగోరే వారికి ప్రకృతి ఇచ్చిన నమూనా ఇది.

ఇంతటి కృషి చేసినా హార్వర్డ్‌లో సుబ్బారావుకు శాశ్వతమైన స్థానం లభించలేదు. ఆయన 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ వ్యాధిలో కలిగే రక్తక్షీణతకు ఔషధమయింది. సోదరుని కాపాడుకోలేకపోయిన సుబ్బారావు ఎందరో రోగులకు ప్రాణదాత అయ్యారు.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి, దాని పనిని అడ్డుకొనే మందులను కూడా ఆ బృందం తయారుచేసింది. వాటిలో ఒకదానిని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి చూశారు. కొందరిలో వ్యాధి కొంతకాలం వెనక్కి తగ్గింది. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. బోదకాలు వ్యాధికి వాడే డి.ఇ.సి. మందు కూడా ఆయన ప్రయోగశాల నుండి వచ్చినదే. బోదకాలు బెడద ఉన్న బీదర్ జిల్లాలో ఇంటింటికీ పంచిన మాత్రలు ఇవే.

నేటి నానో వైద్యంలో ఫోలిక్ ఆమ్లానికి కొత్త పని దొరికింది. కొన్ని రకాల కాన్సర్ కణాలు తమపైనున్న గ్రాహకాల ద్వారా దీనిని విరివిగా పట్టుకుంటాయి. అందువల్ల మందు నింపిన నానో కణానికి ఫోలిక్ ఆమ్లాన్ని తగిలిస్తే, చిరునామా రాసిన ఉత్తరంలా మందు రోగకణానికే చేరుతుందని శాస్త్రజ్ఞుల ఆశ. ఈ దిశగా పరిశోధనలు సాగుతున్నాయి.

సుబ్బారావు 1948 ఆగస్టులో, 53వ ఏట, న్యూయార్క్‌లో నిద్రలోనే మరణించారు. ఆయన మళ్లీ స్వదేశాన్ని చూడలేదు. అమెరికా పౌరసత్వమూ స్వీకరించలేదు. పరిశోధన ఫలితాలను ప్రకటించేటప్పుడు తోటివారిని ముందుంచి, తాను వెనుక నిలిచేవారు. అందుచేత జీవించి ఉండగా ఆయన పేరు లోకానికి అంతగా తెలియలేదు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం ఆయన పేర తపాలాబిళ్ల విడుదల చేసింది.

పరీక్ష తప్పినా, పట్టా దక్కకపోయినా, పదవి రాకపోయినా ఆయన తన అన్వేషణను ఆపలేదు. ఆయన వెదికి పట్టిన అణువులు నేటికీ రోగుల బాధను తీరుస్తూనే ఉన్నాయి.