పావులూరి మల్లన, మా చెరువుకట్ట

పావులూరి మల్లన 11వ శతాబ్దపు కవి. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆచార్యుడు జైనుడు, మల్లన శైవుడు. అందుకే లెక్కల్లో జైన ప్రస్తావనలు పోయి శివుడొచ్చాడు. మూలంలో ట్రెపీజియం పైభుజం పేరు ముఖం, కిందిది భూమి. రెండూ కలిపి, సగం చేసి, ఎత్తుతో గుణిస్తే వైశాల్యం.

ఈ పేర్లు చదివితే నాకు మా చిలమత్తూరు వైపు చెరువుకట్టలు గుర్తొచ్చాయి. కట్టని అడ్డంగా కోసినట్టు ఊహించండి: పైన ఇరుకు, కింద వెడల్పు. అలాంటిదే ఇంకోటి తలకిందులుగా పక్కన అతికించండి. ముఖం పక్కన భూమి చేరి సమాంతర చతుర్భుజం అవుతుంది. అందులో సగమే మన కట్ట. ఫార్ములాలో ఆ సగం ఎక్కడిదో ఇంగ్లిష్ మీడియంలో నాకెవరూ చెప్పలేదు.

దాదాపు వెయ్యేళ్ల కిందటే మల్లన లెక్కల్ని తెలుగులో చెప్పాడు. మన జూనియర్లకి అలా చెప్పడానికి మనకేం అడ్డం?